హైడెల్‌బర్గ్ సంధి

ఎష్‌బోర్న్
20 మార్చి 2025

అన్నయ్యకు మంగతాయారు రాస్తున్నది.

క్షేమంగా చేరి పది రోజులైంది. ఈ సంగతి వదిన నీకు చెప్పే ఉంటుంది. అయినా ఉత్తరమన్నాక ముందు క్షేమం రాయాలి. ముప్ఫై ఎనిమిదేళ్లు తపాలా కౌంటర్లో కూర్చుని రిటైరైనదాన్ని, పద్ధతి తప్పితే చేతులాడవు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడ పెద్దమ్మాయి రాజ్యశ్రీ, పెద్దల్లుడు దశరథ్ ఇద్దరూ వారంలో మూడు రోజులు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తారు. నేను వంటింట్లో ఫోనెత్తితే వాళ్ల మీటింగులో ఉన్న జర్మన్లకు కూడా మన బందరు కబుర్లు వినిపిస్తాయి. కాగితం ఎవరికీ వినపడదు. ఇక్కడ తపాలా డబ్బాలు పసుపు రంగులో ఉంటాయి, చూడగానే బొట్టు పెట్టాలనిపించింది. ఉత్తరాలు ఎన్నింటికి తీస్తారో డబ్బా మీద రాసి ఉంది. నిలబడి చూశాను, సరిగ్గా ఆ వేళకే వచ్చి తీశారు. మన ఆఫీసులో నేనొక్కదాన్నే చాదస్తురాలినని ఇన్నాళ్లూ అనుకున్నాను.

అసలు సంగతికి వస్తాను, చరిత్ర లెక్చరరు గారూ. రెండో పేపరుకు, అదే యూరప్ వాళ్ల సముద్రయానాల పేపరుకు, నోట్సు పంపుతానన్నావు. మే ఇరవైన నా తిరుగు టికెట్టు, ఇరవై ఏడున మొదటి పరీక్ష. అరవై రెండేళ్ల వయసులో చరిత్ర ఎమ్మే ఆఖరి సంవత్సరం రాస్తున్నానంటే ఇక్కడ అందరూ ముద్దుగా నవ్వుతున్నారు. మనవరాలు ఈషా బొమ్మలు వేస్తే నవ్వినట్టే నవ్వుతున్నారు. నవ్వనీ. నేను పాసవ్వాలి.

ఇక నీకు నవ్వొచ్చే సంగతి. పోయినేడు నన్ను ముందు ఎవరు పిలిపించుకోవాలని అల్లుళ్లిద్దరూ పోట్లాడుకుని, నేను రాకుండానే సంవత్సరం గడిపేశారు కదా. ఈసారి బుద్ధి తెచ్చుకుని, ఎష్‌బోర్న్‌కీ చిన్నల్లుడు భార్గవ్ ఉండే స్టుట్‌గార్ట్‌కీ నడుమ హైడెల్‌బర్గ్‌లో ఒక హోటల్లో కలిశారు. సంధి రాసుకున్నారు. వీసా తొంభై రోజులు. అందులో మొదటి నలభై ఐదు పెద్దల్లుడివి, తర్వాతి నలభై ఐదు చిన్నల్లుడివి. అప్పగింత మన్‌హైమ్ స్టేషన్లో. ఒకరి గడువులో ఇంకొకరు 'ఒక్క వారాంతానికే' అని నన్ను పిలిపించుకోకూడదు. ఊరగాయలు చెరిసగం. గోంగూర జాడీలు మూడే వచ్చాయి కాబట్టి మూడోది తూకం వేసి పంచుకోవాలి. దశరథ్ దాన్ని ప్రింటు తీసి, లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పెళ్లిళ్ల సీజన్లో వంటమేస్త్రీకి కూడా ఇంత గిరాకీ ఉండదు. పైకి వెటకారం చేస్తున్నాను గానీ లోపల కాస్త గర్వంగానే ఉంది.

లెక్క జూన్ ఏడు దాకా పోతోంది, నా టికెట్టు మే ఇరవై కదా అల్లుడు గారూ అన్నాను. “అది చూద్దాం లెండి అత్తయ్య గారూ” అన్నాడు. సరే, వాళ్లే చూసుకుంటారు.

వదిన మోకాళ్లకు నూనె రాయడం మానొద్దని చెప్పు.

నీ చెల్లెలు,
మంగతాయారు


మచిలీపట్నం
30 మార్చి 2025

చిరంజీవి మంగకు అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం బిగ్గరగా చదివితే మీ వదిన పళ్లసెట్టు ఊడేలా నవ్వింది. మన ఎదురింటి పెద్దావిడను ముగ్గురు కొడుకులూ నెలకొకరు చొప్పున ఒకరి మీదికొకరు తోస్తున్నారు. నిన్నేమో ఇద్దరు అల్లుళ్లు చెరో చెయ్యీ పట్టుకుని లాగుతున్నారు. పెట్టి పుట్టావు. కష్టమని మాత్రం అనకు, దిష్టి తగులుతుంది.

నువ్వడిగిన పాఠం ఇదిగో. నీ అల్లుళ్లు చేసిందే ఐదొందల ముప్ఫై ఏళ్ల కిందట స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాలు చేశాయి. కొలంబస్ సముద్రం దాటి తిరిగొచ్చి కొత్త నేల చూశానన్నాడు. అది మాదంటే మాదని రెండు రాజ్యాలూ లేచాయి. 1493లో రోములోని పోపు గారు ఒక గీత గీసి తీర్పు చెప్పారు. ఆయన పుట్టింది స్పెయిన్ వైపు, తీర్పూ అటే మొగ్గింది. పోర్చుగల్ రాజు ఊరుకోలేదు. చివరికి 1494 జూన్ ఏడున టోర్డెసిల్లాస్ అనే చిన్న ఊళ్లో ఇరుపక్షాలూ కూర్చుని, కేప్ వెర్డే దీవులకు పడమరగా మూడొందల డెబ్భై లీగుల దూరాన గీతను జరిపాయి. గీతకు తూర్పున దొరికేదంతా పోర్చుగల్‌ది, పడమట దొరికేదంతా స్పెయిన్‌ది. అప్పటికి ఇద్దరూ ఆ నేలలో చూసింది గోరంతే. చూడనిది కూడా పంచేసుకున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ దీవుల్లో ఏ దీవి నుంచి కొలవాలో ఒప్పందంలో రాయలేదు. సముద్రం మీద అంత దూరం సరిగ్గా కొలిచే పద్ధతి అప్పటికి లేనే లేదు. ఇది వివరంగా రాయి, పేపరు దిద్దేవాళ్లకు ఇష్టమైన చోటు. ఆ నేల మీద అప్పటికే బతుకుతున్న మనుషులను ఎవరూ అడగలేదని చివర్లో ఒక వాక్యం చేర్చు. దానికి అర మార్కు వస్తుంది, అంతకన్నా సాగదీయకు.

మన బందరు మాత్రం తక్కువ తిన్నదా? డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు దీన్ని అరువు గిన్నెలా చేతులు మార్చుకున్నారు. నిన్న సాయంత్రం నడకకు వెళ్లి డచ్చి సమాధుల దగ్గర కూర్చున్నాను. గాలి బాగుంది, దోమలు కూడా బాగానే ఉన్నాయి.

టికెట్టు సంగతి అల్లుళ్లు చూసుకుంటారు. నువ్వు సుఖపడు.

ఆశీస్సులతో,
భాస్కర్ రావు


ఎష్‌బోర్న్
12 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

అర మార్కు మనుషుల తరఫున రాస్తున్నాను.

నీ పాఠం అద్భుతంగా ఉంది. రెండుసార్లు చదివి, మూడోసారి ఫ్రిజ్ ముందు నిలబడి చదివాను. ఏ దీవి నుంచి కొలవాలో రాయలేదన్నావే, ఇక్కడా అంతే జరిగింది. నాకు మార్చి నెలాఖరులో మూడు రోజులు జ్వరమొచ్చింది. మంచం మీదున్న రోజులు తన వాటాలో లెక్కకు రావని దశరథ్ వాదన. “విమానం దిగిన రోజు నుంచే లెక్క బ్రో, ఫీవర్ నా ప్రాబ్లం కాదు” అని భార్గవ్. వీడియో కాల్‌లో గంటన్నర వాదులాట. నా జ్వరం ఎలా ఉందని ఇద్దరిలో ఎవరూ అడగలేదనను, దశరథ్ అడిగాడు. ఎన్నో రోజుకు తగ్గిందో కచ్చితంగా కావాలని అడిగాడు.

చివరికి అప్పగింత రెండు రోజులు జరిగి ఏప్రిల్ ఇరవై ఆరైంది. మరి చిన్నల్లుడికి అక్కణ్నుంచి నలభై ఐదు రోజులంటే జూన్ తొమ్మిది. నేను పాస్‌పోర్టు తెచ్చి ముద్ర చూపించి, “నాయనా, దిగిన రోజు, ఎక్కే రోజు రెండూ లెక్కే. జూన్ ఏడు దాటితే నేను ఈ దేశంలో దొంగనవుతాను” అన్నాను. జీవితమంతా తేదీ ముద్రలు కొట్టినదాన్ని, నాకా చెప్పేది? అప్పుడు ఇద్దరూ ఆలోచించి, ఆ రెండు రోజులూ భార్గవ్‌కు వచ్చే ఏడాది వాటాలో కలపాలని రాసుకున్నారు. వచ్చే ఏడాది కూడా పంచేశారన్నమాట, ఇంకా చూడనిది.

నా దినచర్య చెబుతాను. ఆరింటికి లేచి ఈషాకు జావ, అల్లుడికి ఉప్మా, అమ్మాయికి ఓట్సు. ఆ తర్వాత ఈషా. ఇక్కడ పిల్లల్ని పగటిపూట చూసే బడిని కిటా అంటారు. అందులో చోటు ఆగస్టు దాకా దొరకదట. చిన్నమ్మాయి నవ్యశ్రీ కొడుకు అభినవ్‌కూ అంతే. అందుకే నా మీద ఇంత ప్రేమ. మధ్యాహ్నం ఈషా పడుకున్నాక నేను పుస్తకం తీయాలి. తీసేలోపు అమ్మాయి వచ్చి, “అమ్మా, నువ్వు వెళ్లాక మాకు కష్టం కదా, కాస్త గ్రేవీలు చేసి ఫ్రీజర్లో పెట్టవా?” అంటుంది. ఫ్రీజర్లో ఇప్పుడు ముప్ఫై ఒక్క డబ్బాలున్నాయి. ఒక్కోదాని మీదా చీటీ అంటించి తేదీ వేశాను. నా నోట్సులో మాత్రం నాలుగే పేజీలున్నాయి.

ఇక అసలు చావుదెబ్బ. పదో తారీకున పప్పు తాలింపు వేస్తుంటే భార్గవ్ ఫోను చేశాడు. “అత్తయ్య గారూ, మీ నంబరుకు ఒక ఓటీపీ వచ్చింది, కొంచెం చదవండి” అన్నాడు. చదివాను. ఆవాలు మాడిపోతున్నాయన్న కంగారు నాది. తాలింపయ్యాక చూస్తే మెసేజీ, నా టికెట్టు జూన్ ఏడుకు మారిందని! పదేళ్లపాటు పెన్షన్‌దారులకు ఓటీపీ కన్నకొడుక్కి కూడా చెప్పొద్దని నెత్తీనోరూ బాదుకుని చెప్పినదాన్ని నేను. అల్లుడికి చెప్పొద్దని నాకెవరూ చెప్పలేదు. దశరథ్‌ను అడిగితే, “పరీక్షదేముంది అత్తయ్య గారూ, ఎవ్రీ ఇయర్ వస్తుంది. కిటాలో ప్లాట్జ్, అదే చోటు, ఆగస్టు దాకా రాదు” అన్నాడు.

సంధి జరిగింది జూన్ ఏడున అన్నావు కదా. బాగుంది. ఆరోజు దీపం పెడతాను.

నువ్వు పెద్దవాడివి. అల్లుళ్లకు నీ మాటంటే గురి. ఒకసారి ఫోను చేసి వాళ్లతో నా సంగతి మాట్లాడు.

మంగ


మచిలీపట్నం
21 ఏప్రిల్ 2025

చిరంజీవి మంగకు,

ఎంత బాగా రాస్తావే! జ్వరం లెక్క చదివి మా పాత కొలీగుకు ఫోనులో మొత్తం వినిపించాను. నీకు చరిత్ర కన్నా హాస్యం బాగా పట్టుబడింది.

నువ్వు చెప్పినట్టే ఇద్దరు అల్లుళ్లకూ ఫోను చేశాను. మాట తీరు చూస్తే ముచ్చటేసింది. “మావయ్య గారూ, మీరెలా చెబితే అలా” అన్నారు. కిటా సంగతి, అమ్మాయిల ఉద్యోగాల సంగతి వివరంగా చెప్పారు. నాకూ సబబనే అనిపించింది. కొత్తగా పెట్టిన టికెట్టే ఉంచండి, నేను మంగకు నచ్చజెబుతానని మాటిచ్చాను. పరీక్ష వచ్చే ఏడాదైనా రాసుకోవచ్చు. పుస్తకాలు ఎక్కడికీ పోవు, నేనూ ఎక్కడికీ పోను. ఇంకో ఏడాది చదివితే మార్కులు కూడా పెరుగుతాయి.

పాఠంలో ఒక ముక్క మరిచాను. టోర్డెసిల్లాస్ సంధికి ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1506లో, ఇంకో పోపు ఆమోదముద్ర వేశాడు. పెద్దరికం ముద్ర పడితేగాని అలాంటి ఒప్పందాలకు నిలకడ ఉండదు. ఒక మార్కు.

వదిన నీకోసం కొత్తావకాయ కలపడానికి కాయలు చెప్పింది. ఎలాగూ జూన్ కదా, తొందర లేదంది.

ఆశీస్సులతో,
అన్నయ్య


స్టుట్‌గార్ట్
3 మే 2025

మహారాజశ్రీ పోపు గారికి,

మీ ఆమోదముద్ర నాకు మీ ఉత్తరం కన్నా ముందే అందింది. మన్‌హైమ్‌లో మూడో ప్లాట్‌ఫారం మీద దశరథ్ నా పెట్టె, జాడీలు, నా బీపీ మాత్రల డబ్బా వరసగా భార్గవ్‌కు అప్పగించాడు. నేను చివర్న. భార్గవ్ వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టి, “మావయ్య గారు కూడా ఓకే అనేశారు అత్తయ్య గారూ, ఇంక టెన్షన్ లేదు” అన్నాడు. ఎవరికి టెన్షన్ లేదో చెప్పలేదు.

పుస్తకం రాసినవాడిలా పాఠం చెప్పావు. అడగని మనుషుల గురించి ఒక్క వాక్యం చాలన్నావు. తర్వాత ఫోనెత్తి నన్ను అడక్కుండా నా ఏడాది వాళ్లకు ధారపోశావు. నీకు ముప్ఫై నాలుగేళ్ల సర్వీసుంది, ఈ పాఠం ఎన్ని తరగతులకు చెప్పి ఉంటావు? ఒక్కసారైనా నీ చెవికి ఎక్కిందా?

ఇక్కడ భార్గవ్ మోటారు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు, పొద్దున్నే ఎస్-బాన్ రైలెక్కి పోతాడు. మొన్న అతనితో పనిచేసే జర్మనాయన భోజనానికి వచ్చాడు. నా పెసరట్లు నాలుగు తిని, నేనెవరో తెలుసుకుని, “అయితే నీ ఎల్టర్న్‌జైట్ ఎప్పుడు?” అని భార్గవ్‌ను అడిగాడు. బిడ్డ పుడితే తండ్రి కూడా తీసుకోవచ్చట, చట్టం ఇచ్చిన సెలవు. ఆ జర్మనాయన ముగ్గురు పిల్లలకూ తీసుకున్నాడట. మా అల్లుళ్లిద్దరూ ఒక్క రోజు కూడా తీసుకోలేదు. ఎందుకు బాబూ అంటే, “మేనేజర్‌ని అడగాలంటే మొహమాటం అత్తయ్య గారూ, ప్రమోషన్ టైము” అన్నాడు. మేనేజర్ దగ్గర మొహమాటం. నా దగ్గర ఓటీపీ.

పిల్లల మీద నాకు ప్రేమ లేదనుకోకు. అభినవ్ నా చీర కొంగు పట్టుకుని నిద్రపోతాడు, విడిపించుకోవాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ప్రేమను చూసే కదా అందరూ ఇంత ధైర్యంగా గీతలు గీస్తున్నారు.

నోట్సు ఇక పంపకు.

మంగతాయారు


మచిలీపట్నం
11 మే 2025

మంగకు,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పోపు అన్నావు, పడ్డాను. కానీ నేనూ ఒక మాట అడుగుతాను. నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. గర్వంగా ఉందని రాశావు. దీపం పెడతానని రాశావు. ఫోను చేసి 'నా సంగతి' మాట్లాడమన్నావు. ఏం మాట్లాడాలో రాశావా? 'అన్నయ్యా, నేను వెళ్లి తీరాలి, మే ఇరవై టికెట్టు మళ్లీ పెట్టించు' అని ఒక్క వాక్యం ఎక్కడైనా ఉందా? నువ్వు నవ్విస్తుంటే నవ్వాను. నవ్వే మనిషి ఏడుస్తోందని ఏ పోపుకు తెలుస్తుంది?

నీ మంచికే చేశాననుకున్నాను. అల్లుళ్లతో మాట పోతే అమ్మాయిల కాపురాల్లో కలతలొస్తాయని కూడా అనుకున్నాను. పెద్దవాణ్ణి కదా.

మూడో యూనిట్ నోట్సు వద్దన్నా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

అన్నయ్య


ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం
20 మే 2025

అన్నయ్యా,

దీన్ని ఇక్కడి పసుపు డబ్బాలో వెయ్యను. వేస్తే మొదటి పరీక్ష అయిపోయాక నీకు చేరుతుంది. బందరు వచ్చాక హెడ్డాఫీసులో నా చేత్తో వేస్తాను. మర్నాడు నీకు అందుతుంది. ఒక ఊళ్లో ఉండి ఉత్తరమేమిటంటావేమో. ఎదురుగా కూర్చుంటే నేను మళ్లీ వెటకారమే చేస్తాను. అందుకని.

నీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది. నువ్వన్నది నిజం. నాకు కావలసింది నేను ఎక్కడా రాయలేదు. అది చదివాక హాల్లోకి వెళ్లి, టీవీ ఆపి, “నేను ఇరవైన వెళ్తున్నాను” అని భార్గవ్‌కూ నవ్యకూ చెప్పాను. కారణం చెప్పలేదు, వాళ్లకు తెలుసు. విమానం కంపెనీకి నేనే ఫోను చేశాను. నంబరు వచ్చింది, నేనే చదువుకున్నాను, నేనే నొక్కాను.

నవ్య ఏడ్చింది. “మరి అభినవ్ సంగతేంటమ్మా?” అంది. వాడికి నాన్న ఉన్నాడు కదా అన్నాను. రెండు రోజులు ఇంట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. దశరథ్ ఎష్‌బోర్న్ నుంచి ఫోను చేసి, ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అన్నాడు. నేను సంతకం పెట్టలేదు కదా అల్లుడు గారూ అన్నాను. మూడో రోజు భార్గవ్ మొహమాటం దిగమింగి మేనేజర్‌ని అడిగాడు. నెల రోజుల సెలవు, నాలుగు నిమిషాల్లో ఒప్పుకున్నారట. ఇంటికొచ్చి నా ఎదుట కూర్చుని, “మీరు ముందే గట్టిగా చెప్పాల్సింది అత్తయ్య గారూ” అన్నాడు. నువ్వూ అదే అన్నావు. మగవాళ్లందరూ ఒకే నోట్సు చదివినట్టున్నారు.

స్టుట్‌గార్ట్ నుంచి ఒక్కదాన్నే రైల్లో వచ్చాను. అభినవ్ స్టేషన్లో నాకు చెయ్యి ఊపలేదు, వాళ్ల నాన్న భుజం మీద పడుకున్నాడు. రైలు కదిలాక మన్‌హైమ్ దాకా ఏడ్చాను. నీకు తెలియాలని రాస్తున్నాను, ఈసారి నవ్వించడానికి కాదు.

గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగావు. చెబుతాను. 1980 జూన్‌లో నా ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఫస్ట్ క్లాసు. నువ్వు ఎమ్మేకి వాల్తేరు వెళ్లాలి. నాన్న అరుగు మీద కూర్చుని, ఇద్దర్నీ చదివించలేను, ఏం చేద్దాంరా అని నిన్ను అడిగాడు. నేను తలుపు వెనక ఇడ్లీల్లోకి పచ్చడి రుబ్బుతున్నాను. రుబ్బురోలు ఆపేశాను, నువ్వేమంటావో వినాలని. “దానికి సంబంధాలు చూడు నాన్నా, చదువు తర్వాతైనా చదువుకోవచ్చు” అన్నావు. నాన్న సరే అన్నాడు. తర్వాత ఇద్దరూ లేచి లోపలికొచ్చి ఇడ్లీలు తిన్నారు. రుచిగా ఉన్నాయన్నావు కూడా. ఆ పూట నన్ను ఎవరూ అడగలేదు. నేనూ తలుపు దాటి బయటికి రాలేదు. అప్పట్నుంచి ఏం కావాలన్నా వెటకారం చేసి ఊరుకోవడం అలవాటైంది. నలభై ఐదేళ్లయింది. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదని తెలియాలి.

ఇప్పుడు ఎక్కడా వెటకారం లేకుండా అడుగుతున్నాను, చదువుకో. ఇరవై ఏడో తారీకు పొద్దున తొమ్మిదింటికి స్కూటరు తీసుకుని మా ఇంటికి రా. నన్ను పరీక్ష హాలు దగ్గర దించు. పదింటి నుంచి ఒంటిగంట దాకా పరీక్ష. ఎండగా ఉంటుంది, మజ్జిగ తెచ్చుకో. ఇంటికి వెళ్లకు. నేను రాసి బయటికొచ్చేదాకా ఈసారి తలుపు అవతల నువ్వు నిలబడు.

మంగతాయారు